వజ్రకుమార్ సంతకం

సిరిసిల్ల,
జూన్ 1986.

పెద్దదానివైనా నామీద ఎన్నడూ పెద్దరికం చూపించని అక్క ఇంద్రమ్మకు, తమ్ముడు ముత్తయ్య రాసేది.

మేం బాగున్నాం. నీ మరదలు సత్యవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గింది. నేను నడిపే నాలుగు సాంచాలూ నాకంటే ఆరోగ్యంగా ఉన్నాయి. కరెంటు వచ్చిందంటే ఆ మగ్గాల మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. రాసుకోవడానికి నాకు అంతకంటే మంచి చోటు దొరకదు, ఎవరూ పలకరించరు కదా. ఒక కన్ను పోగుల మీద, ఒక కన్ను కాగితం మీద. పోగు తెగితే రాజకుమారిని రాక్షసుడి చేతిలోనే వదిలేసి పోయి ముడివేసి వస్తాను.

నీల చేతికి ఈ ఉత్తరంతో పాటు ఒక పుస్తకం ఇస్తున్నాను. ఆమె చీరల మూటతో వారం వారం కోరుట్ల రావడం మనకు మంచిదయింది, పోస్టాఫీసు మొహం చూడాల్సిన పని లేదు. పుస్తకం పేరు 'మంత్రాల మడుగు'. రాసింది నేను. అట్ట మీద పేరు మాత్రం ఎప్పటిలాగే వజ్రకుమార్. వెనక అట్ట మీద కోటు వేసుకుని గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఆ అందగాడు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మొన్న ఒక ఆడపిల్ల ఆ ఫోటోను చూసి మనసు పారేసుకుని ఉత్తరం రాసింది. దాన్ని విజయవాడ పబ్లిషరు నాకు పంపి, మర్యాదగా జవాబు రాయమన్నాడు. రాశాను కూడా.

నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. నాకు ముందు వజ్రకుమార్ పేరుతో రాసింది ఎవరో పోస్టుమాస్టరట. ఆయన పోయాడు. పేరు పబ్లిషరుది కాబట్టి అది పోలేదు. రేపు నేను పోయినా ఇంకొకడు దొరుకుతాడు. ఇన్ని రాజ్యాలు కట్టాను, ఇంతమంది మాంత్రికులను మట్టి కరిపించాను, ఇదే సిరిసిల్లలో నా పక్క సాంచాల మీద పనిచేసేవాడికి కూడా నేనెవరో తెలియదు. ఎంత నవ్వుకుందామన్నా కడుపులో మండుతూనే ఉంటుంది అక్కా.

ఈసారి పబ్లిషరుకు గట్టిగా రాశాను. తర్వాతి నవల నా పేరుతో వేస్తేనే ఇస్తానన్నాను. ఆలోచిస్తానన్నాడు.

నా మేనల్లుడు గంగాధర్ జగిత్యాల కాలేజీలో బాగా చదువుతున్నాడా? మస్కట్ నుంచి కిష్టయ్య బావ ఏమంటున్నాడు?

నీ తమ్ముడు,
ముత్తయ్య


కోరుట్ల,
జూలై 1986.

వజ్రకుమార్ గారికి అని రాద్దామనుకుని, కోపం వస్తుందని మానుకున్నాను. చిరంజీవి ముత్తయ్యకు అక్క దీవెనలు.

పుస్తకం చదివాను. బాల్వాడీలో పిల్లలను పడుకోబెట్టి, వాళ్లతో పాటు నేను పడుకోకుండా చదివిన మొదటి పుస్తకం ఇదే. ఆ మంత్రగత్తె ముక్కు మీద వేలేసుకుని మాట్లాడే తీరు మన మేనత్త అంజవ్వదే కదరా? ఆమె బతికి ఉంటే నీ సాంచాలు ఆపించి మరీ తిట్టేది.

మీ బావ బాగున్నాడు. క్యాసెట్‌లో మాటలు నింపి పంపాడు. సగం దగ్గే ఉంది.

నా బాధ గంగాధర్ గురించి. ఆదివారాలు ఇంటికి రావడం మానేశాడు. వస్తే పెద్ద గిన్నె నిండా అన్నం వండించుకుని, పైన పచ్చిపులుసు డబ్బా పెట్టుకుని పోతున్నాడు. దోస్తులకంటాడు. ఏ దోస్తులకురా అంటే మాట మారుస్తాడు. నీ పుస్తకం చూపించి, 'మామ రాసిందిరా, చదువు' అన్నాను. వాడేమన్నాడో తెలుసా? 'మామ రాక్షసులను ఏడు సముద్రాల అవుతల పెడ్తడు అవ్వా. మన రాక్షసులు గీ పక్క ఊరి దొర గడీలనే ఉన్నరు. మామకు గది కనవడదు.' నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

ఆ అన్నం ఎవరు తింటున్నారో నాకు తెలియక కాదు. కోరుట్లలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అడవిలో తిరిగే ఆ అన్నలు మంచివాళ్లా చెడ్డవాళ్లా అని నేను అడగను. వాడు నాకు ఒక్కడే. నువ్వంటే వాడికి ప్రాణం. ఒకసారి పిలిచి మాట్లాడు.

అక్క,
ఇంద్రమ్మ


సిరిసిల్ల,
ఆగస్టు 1986.

అక్కకు ముత్తయ్య నమస్కారం.

నీ కొడుకు వచ్చి రెండు పూటలు ఉండి పోయాడు. మాట్లాడాను. వాడు చేసేదల్లా గుట్ట కిందికి అన్నం గిన్నె మోసుకుపోవడం, ఖాళీ గిన్నె తెచ్చుకోవడం. అంతే. తుపాకి దూరం నుంచి కూడా సరిగా చూడలేదట. 'నాకు కోడిని కోస్తేనే కండ్లు తిరుగుతయి మామా, నన్నేం దళంల తీసుకుంటరు' అన్నాడు. చదువు అయ్యేదాకా అది కూడా బంద్ చేయమన్నాను, సరేనన్నాడు. నువ్వు నిశ్చింతగా ఉండు.

రాక్షసుల మాట నా ముందూ అన్నాడు. నవ్వుతూనే విన్నాను గానీ గుచ్చుకుంది. నేను ఎందుకు ఇట్లాంటివే రాస్తానో వాడికి చెప్పబోయి ఊరుకున్నాను. నీకు చెబుతాను.

మన చిన్నప్పుడు ఏడాదికోసారి పటం కథ చెప్పేవాళ్లు వచ్చేది గుర్తుందా? గోడకు ఆ పొడుగు గుడ్డ వేలాడదీసి, కర్రతో ఒక్కొక్క బొమ్మను చూపిస్తూ మన కులం కథ చెప్పేవాళ్లు. ఋషి పులినెక్కి రాక్షసుడి మీదికి పోయే బొమ్మ దగ్గర నేను నీ కొంగులో దూరేవాణ్ణి. దానికంటే నాకు ఇష్టమైంది చివర వచ్చేది. ధాన్యం పెట్టిన ఇంటి పెద్దల పేర్లు చదివేవాళ్లు కదా, అది. ఏ పేరునూ ఊరికే చదివేవాళ్లు కాదు. మన తాత జీవితమంతా గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆయనను కూడా నైజాం రాజు కొలువుకు పంపి, ఏనుగు మీద ఊరేగించి, అప్పుడు దింపేవాళ్లు. నాయన కండ్లల్లో నీళ్లు తిరిగేవి. కథలోకి వచ్చినవాడు ఉత్త మనిషిగా ఉండకూడదని నాకు అప్పుడే ఎక్కింది. ఇవాళ్టికీ కాపలావాణ్ణి రాసినా వాడికి ఒక మంత్రపు ఉంగరం తొడగకుండా నా చెయ్యి ఆగదు.

తర్వాత లైబ్రరీ, ఆ తర్వాత తెల్లవార్లూ రాసి పంపిన మొదటి నవల. 'బాగుంది, పేరు మాత్రం మాది పెడతాం' అన్న కార్డు. అప్పుడు సంతోషంతో కార్డును ముద్దు పెట్టుకున్నాను. చిన్నతనం.

కొత్త నవల మొదలుపెట్టాను. పేరు 'ఎగిరే మగ్గం'. ఇది నా పేరుతోనే వస్తుంది.

తమ్ముడు,
ముత్తయ్య


కోరుట్ల,
అక్టోబర్ 1986.

ముత్తయ్యా,

నీల ఇంట్లో అడుగు పెట్టగానే వెనక్కి పంపుతున్నాను, ఈ ముక్క నీకు చేర్చడానికే.

గంగాధర్‌ను జగిత్యాలలో వాడి గదిలోంచి పట్టుకుపోయారు. ఎప్పుడో, ఎక్కడికో గది యజమాని చెప్పడు. రెండు స్టేషన్లకు పోయాను. 'మా దగ్గర లేడమ్మా' అన్నారు. లేడన్నారంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? లేరన్నవాళ్లు తర్వాత ఏ గుట్ట కింద కనపడుతున్నారో రోజూ పేపర్లో చూస్తున్నాం.

ఇవాళ మఫ్టీలో ఒక కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. 'కతలు రాసే వజ్రకుమార్ నీ తమ్ముడేనా? నీ కొడుకు చెప్పిండు. మా ఇన్‌స్పెక్టర్ సారు రమ్మంటుండు' అన్నాడు. చోటు పేరు నీల నోటితో చెబుతుంది, కాగితం మీద పెట్టను.

వాడు బతికి ఉన్నాడన్నమాట. అన్ని దెబ్బల్లో వాడికి నీ పేరే గుర్తొచ్చిందిరా. తొందరగా పో. ఏం అడిగినా చెయ్యి. నా కొడుకును ఇంటికి తీసుకురా.

ఇంద్రమ్మ


జగిత్యాల,
అక్టోబర్ 1986.

అక్కా,

ముందు అసలు మాట. చూశాను. బతికి ఉన్నాడు. పెదవి వాచింది, ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు, అంతకంటే ఏం లేదు. నన్ను చూడగానే 'మామా, నీ పేరు చెప్పిన. తప్పయింది' అని ఏడ్చాడు. దీంట్లో తప్పేముందిరా అన్నాను.

ఇన్‌స్పెక్టర్ చిన్న వయసువాడే. లేచి నిలబడి చెయ్యి కలిపాడు అక్కా. 'మీరేనా? నేను కోటు వేసుకొస్తారనుకున్నాను' అన్నాడు. నా పుస్తకాలు బీరువాలో వరసగా పెట్టుకున్నాడు. ఏ నవలలో మాంత్రికుడి ప్రాణం ఎక్కడ దాచానో నాకంటే బాగా చెప్పాడు. వజ్రకుమార్ అంటే నేనేనని నన్ను చూసి ఒక మనిషి అనడం నా జన్మలో ఇదే మొదటిసారి. అది ఎక్కడ జరిగిందో చూడు. గోడ అవతల నీ కొడుకు.

చాయ్ తాగాక విషయానికి వచ్చాడు. 'మీవాడు అన్నం మోసేవాడేనని నాకూ తెలుసు. పైవాళ్లకు మాత్రం లొంగిపోయినవాడు కావాలి. పత్రికలవాళ్ల ముందు చదవడానికి ఒక ప్రకటన కావాలి. మా రైటర్ రాస్తే పంచనామాలా ఉంటుంది, ఎవరూ నమ్మరు. మీరు రాయండి. ఇదే బల్ల మీద, ఇప్పుడే. నమ్మేటట్టు ఉంటే ఆదివారానికి మీవాడు ఇంట్లో ఉంటాడు' అన్నాడు.

రాసిచ్చాను. గంగాధర్ సంతకం పెట్టాడు. ఏం రాశానో ఇప్పుడు అడగకు, ఇంటికి వచ్చాక మాట్లాడుకుందాం. వాడికి వేడినీళ్లు కాచి పెట్టు.

ముత్తయ్య


కోరుట్ల,
నవంబర్ 1986.

ముత్తయ్యా,

వాడు వచ్చిన రోజు నీకు వెయ్యి దండాలు పెట్టుకున్నాను. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను.

పేపర్ చూశాను. అర పేజీ వేశారు. వాడి ఫోటో, కింద 'నా పశ్చాత్తాపం' అని పెద్ద అక్షరాలు. మొదటి వాక్యం చదవగానే తెలిసిపోయింది. 'అడవి నన్ను కన్నతల్లిలా దాచింది, నా భుజాన తుపాకి పసిపాపలా నిద్రపోయేది.' మంత్రాల మడుగులో రాజకుమారుడి నడుముకు కత్తి నిద్రపోయినట్టే నా కొడుకు భుజానికి తుపాకిని నిద్రపుచ్చావు. వాడు తుపాకి ఎప్పుడు మోశాడురా? అన్నం గిన్నె మోసినవాణ్ణి దళం నాయకుడి కుడిభుజం ఎందుకు చేశావు?

అది కూడా ఓర్చుకుందును. వానాకాలంలో వీర్నపల్లి గుట్టల్లో ఇద్దరు అన్నలను కాల్చి చంపారు కదా. ఆ దారి పోలీసులకు చూపించింది తనేనని గంగాధర్ ఒప్పుకున్నట్టు రాశావు. ఏ చెట్టు కింద ఆగారో, ఎట్లా సైగ చేశాడో, కండ్లకు కట్టినట్టు ఉంది. చదువుతుంటే నేనే ఒక్క క్షణం నమ్మాను. వాడు వీర్నపల్లి మొహం ఎన్నడూ చూడలేదు.

వాడకట్టులో ఎవరూ వాడితో మాట్లాడటం లేదు. హోటల్లో కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోతున్నారట. నిన్న తలుపు సందులో ఎర్ర సిరాతో రాసిన కాగితం పెట్టి పోయారు. ద్రోహి అని మొదలుపెట్టారు. తర్వాతది నీకు రాయలేను.

పోలీసులు విడిచారు, ఇప్పుడు అన్నలు చంపుతారు. ఇద్దరి మధ్యలో నువ్వు రాసిన కథ ఉంది. అది వాడి మాట కాదని, నువ్వు రాసిందని పేపర్‌కు రాయి. నీ పేరు పెట్టి రాయి. నీ పేరు అచ్చులో చూసుకోవాలని ఎన్నాళ్ల నుంచో ఏడుస్తున్నావు కదా.

ఇంద్రమ్మ


సిరిసిల్ల,
డిసెంబర్ 1986.

అక్కా,

నువ్వు తిట్టిన తిట్లన్నీ చదివాను. నా మాట కూడా విను.

వీర్నపల్లి సంగతి పెట్టమన్నది ఇన్‌స్పెక్టర్. నేను కాదనలేదు. ఎందుకంటే పనికొచ్చే మనిషిని పోలీసులు చంపరనుకున్నాను. ఉత్తగా అన్నం మోసినవాడిని ఏం చేసినా అడిగే దిక్కు లేదు. అంత పెద్ద పని చేసినవాడైతే వాళ్లే కాపాడుకుంటారు. గంగాధర్‌ను చిన్నగా రాస్తే చచ్చేవాడు. అందుకే పెద్దగా రాశాను. ఆ బల్ల దగ్గర కూర్చుంటే నీకూ అట్లాగే అనిపించేది.

ఇంకోటి కూడా ఉంది. దాస్తే నీకు తెలియకపోదు. రాయడం మొదలుపెట్టాక కలం ఆగలేదు. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్క కాగితం చదివి 'అబ్బా' అంటున్నాడు.

పేపర్‌కు నా పేరుతో రాయమన్నావు. రాస్తే తెల్లారేసరికి ఇద్దరినీ పట్టుకుపోతారు. పోలీసులు నాతో దొంగ ప్రకటన రాయించారని అచ్చు వేసే పేపర్ ఏది? వేసినా నా గతి ఏమిటి? పబ్లిషరు ఒప్పుకున్నాడు అక్కా. 'ఎగిరే మగ్గం' ఫిబ్రవరిలో వస్తుంది, నా పేరుతో. ఈ సమయంలో నేను పోలీసుల రాతగాణ్ణని పేరు పడితే ఆ పుస్తకం ప్రెస్సులోనే ఆగిపోతుంది. ఇరవై ఏండ్లు ఆగాను. ఫిబ్రవరి దాకా మీరు ఆగలేరా?

ఈలోగా వాణ్ణి భీవండి పంపించు. సత్యవ్వ తమ్ముడు అక్కడ సాంచాల మీదే ఉన్నాడు, పని చూపిస్తాడు.

ముత్తయ్య


కోరుట్ల,
జనవరి 1987.

ముత్తయ్యా,

ఫిబ్రవరి దాకా ఆగమని ఎవరికి చెప్పమంటావు? తలుపు సందులో కాగితాలు పెట్టేవాళ్లకు చెప్పనా?

భీవండికి వాడు పోనన్నాడు. 'నేను చెయ్యనిదానికి నేనెందుకు ఉరకాలె అవ్వా? ఉరికితె నిజమే అనుకుంటరు' అన్నాడు.

అన్నల నుంచి మళ్లీ కబురు వచ్చింది. మేడిపల్లి దగ్గర లస్మవ్వ అనే ఆమె ఇంటికి వచ్చి సంజాయిషీ చెప్పుకోమన్నారు. వాడు పోతానంటున్నాడు. వాళ్లకు తన చేతి అన్నం గుర్తుంటుందట, మాట వింటారట. నేనూ వస్తానంటే వద్దన్నాడు. పోయి ఏం చెబుతావురా అంటే, 'రాసింది నేను కాదని చెప్త' అన్నాడు. ఉత్త మాట ఎవరు నమ్ముతారు?

పేపర్ వద్దు. నీ పుస్తకానికి అడ్డు పడను. ఒక చీటి చాలు. 'ఆ ప్రకటన నేను రాశాను, గంగాధర్‌కు ఏమీ తెలియదు' అని రాసి, కింద నీ పేరూ ఊరూ పెట్టు. వాళ్లకు చూపించి చింపేస్తాడు. ఎవరైనా వచ్చి నిన్ను అడిగితే నిజం చెప్పు. అన్నలు నిన్నేం చేయరు. అన్నం పెట్టిన ఇంటి మేనమామవు.

నిన్ను నేను ఇంకేమీ అడగను. అమ్మ పోయాక నిన్ను సాకింది గుర్తు చేయను. ఈ చీటి ఒక్కటి ఇయ్యి తమ్ముడా.

అక్క


సిరిసిల్ల,
ఫిబ్రవరి 1987.

అక్కకు నమస్కారం.

నువ్వడిగిన చీటి రాసి నీలకు ఇచ్చాను. గంగాధర్ కోరుట్ల బస్టాండులోనే తీసుకుంటానని చెప్పి పంపాడట, అందుకని వాడి చేతికే ఇయ్యమన్నాను. ఉత్తరం, పుస్తకం నీకు.

అవును, పుస్తకం వచ్చింది. మొదటి కాపీ నీకే. అట్ట చూడు. 'ఎగిరే మగ్గం', కింద 'ముత్తయ్య'. వెనక ఫోటో లేదు, నేనే వద్దన్నాను. సత్యవ్వకు చదవడం రాదు కదా, ఆ పేరు మీద వేలు పెట్టి 'ఇదేనా నువ్వు' అని అడిగింది. ఇన్నాళ్ల కోపమంతా దిగిపోయింది అక్కా. నీకు చెప్పుకోకుండా ఎవరికి చెప్పుకుంటాను?

చీటి గురించి. ఉన్నదున్నట్టు రాశాను, ఒక్క మాట దాచలేదు. సంతకం మాత్రం వజ్రకుమార్ అని పెట్టాను. నువ్వు తొందరపడి కోపం తెచ్చుకోకు. ఆ ప్రకటన రాసింది కథలు రాసే మనిషి అని తెలిస్తే చాలు కదా, నా ఇల్లూ వాకిలీ తెలియాల్సిన పనేముంది? ఆ చీటి పొరపాటున పేపర్ వాళ్ల చేతిలో పడితే? పుస్తకం వచ్చి వారం కాలేదు. వజ్రకుమార్ కూడా నేనే కదా, అబద్ధమేమీ కాదు. అన్నల్లో చదువుకున్నవాళ్లు ఉంటారు, నా రాత గుర్తుపడతారు.

అంతా సర్దుకున్నాక వాణ్ణి తీసుకుని సిరిసిల్ల రా. నాలుగు రోజులు ఉండి పోదురు.

నీ తమ్ముడు,
ముత్తయ్య


కోరుట్ల,
మార్చి 1987.

ముత్తయ్యా,

ఇన్నొద్దులు నీకు పుస్తకాల భాషల రాసిన. రచయిత తమ్ముడు నవ్వుతడేమోనని ఒక్కొక్క మాట దిద్దుకుంట రాసేదాన్ని. ఇగ దిద్దుకునే ఓపిక లేదు. నోటికి వచ్చింది వచ్చినట్టు రాస్తున్న.

నీ ఉత్తరం నా చేతికి వచ్చేటాళ్లకు పోరడు మేడిపల్లి బస్సు ఎక్కిండు. సంతకం సంగతి సదివి బస్టాండుకు ఉరికిన. చెప్పులు సుత వేసుకోలే. బస్సు పోయింది. ఇంకో బస్సు పట్టుకొని మేడిపల్లిల దిగి అడుగుకుంట అడుగుకుంట పోయిన. ఎవ్వలూ తోవ చెప్పలే. తెల్లారి రోడ్డు పక్కన వాణ్ణి చూపిచ్చిండ్రు. ఛాతి మీద కాగితం పెట్టి, ఎగిరిపోకుండ రాయి పెట్టిండ్రు. నువ్వు రాసిన మాటలే అండ్ల మల్ల రాసిండ్రు, వీర్నపల్లి తోవ చూపిచ్చిన ద్రోహి అని. నీ చీటి వాని అంగి జేబులనే ఉండె.

నువ్వు వస్తవని తెలిసి సావుకు రావద్దని నేనే చెప్పి పంపిన. మీ బావకు క్యాసెట్ల ఏం చెప్పాలెనో తెలుస్తలేదు.

నిన్న లస్మవ్వ వచ్చింది. మొగోళ్లు లేని యాళ్ల చూసి వచ్చి, గడప అవుతలనే కూసుండి చెప్పింది. 'చీటి సదివిండ్రు అక్కా. గీ వజ్రకుమార్ ఎవలని అడిగిండ్రు. పుస్తకాలు రాసెటాయన అన్నడు నీ కొడుకు. గా కోటాయన ఫోటో నేను సూసిన, ఆయన నీకోసం రాసిచ్చిండా అని ఒగడు నవ్విండు. దళం పెద్దాయన మాత్రం మంచిగనే అడిగిండు. అసలు మనిషి పేరు చెప్పు, ఊరు చెప్పు, మనిషిని పంపి కనుక్కుంటం, నిజమైతె నిన్ను ఇడిసిపెడ్తం అన్నడు. మల్ల మల్ల అడిగిండు. నేను సుత చెప్పు కొడకా అన్న.'

చెప్పలేదట. 'దెబ్బలకు ఓర్వక ఒక్కసారి ఆయన పేరు చెప్పిన. గిదంత దాంతోనే అయింది. ఆయన పెట్టొద్దనుకున్న పేరు నేను చెప్ప' అన్నడట.

నువ్వు పంపిన పుస్తకం ఇంట్లనే ఉన్నది. కట్ట విప్పి చూసిన. అట్ట మీద నీ పేరు పెద్ద పెద్ద అక్షరాలల్ల మంచిగ అచ్చయింది. నా కొడుకు చెప్పని పేరు దుకాణాలల్ల అమ్ముతున్నరట, నీల చెప్పింది.

ఇంద్రమ్మ